కాపరి క్షేమం

31వ రోజు

రేవు ఆఫీసు పుస్తకంలో ప్రతి ఓడకూ మూడే గళ్ళు. ఓడ ఎక్కడుంది, గ్యాస్ ఎలా ఉంది, కాపరి ఎలా ఉన్నాడు. అంతకు మించి రాయడానికి చోటు లేదు. అందుకని ఈ నోటుబుక్కు పెట్టుకున్నాను. ఓడలు ఆగిపోయి ఇవాళ్టికి ముప్పై ఒక్క రోజులు.

మా కొత్తరేవుకు గ్యాస్ తెచ్చే ఓడలు పదకొండు ఉండేవి. ఇప్పుడు నా రేడియోకు పలికేది ఒక్క జలజే. మిగిలినవి వెనక్కి మళ్ళాయో, పట్టుబడ్డాయో, మునిగాయో చెప్పేవాళ్ళు లేరు. జలజ ఇరుకు ముందు లంగరేసుకుని నాలుగు వారాలుగా నిలబడి ఉంది. ఇరుకంటే ఇక్కడికి రెండు వేల మైళ్ళ అవతల, రెండు దేశాల మధ్య సముద్రం సన్నబడే చోటు. ఆ రెండు దేశాలూ ఎందుకు కొట్టుకుంటున్నాయో మా ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు. నీళ్ళ వరసలో నా ముందున్న ముసలాయన, "ఆలకీ ఆలకీ ఏటో గట్టు తగువంట," అన్నాడు. అంతకంటే ఎక్కువ నాకూ తెలియదు.

మా బోర్లన్నీ ఏనాడో ఉప్పుబడ్డాయి. సముద్రపు నీటిని తాగే నీరు చేసే ఫ్యాక్టరీ గ్యాస్ మీద నడుస్తుంది. గ్యాస్ ఓడలో వస్తుంది. ఓడ ఆగితే బిందె ఆగుతుంది. ఇప్పుడు మనిషికి రోజుకు రెండు బిందెలు.

గ్యాస్ లేక కరెంటూ లేదు కాబట్టి, పొద్దున్న గంటన్నర సైకిల్ తొక్కి బ్యాటరీ నింపాను. గంటన్నర తొక్కితే పది నిమిషాల మాట. ఎనిమిదింటికి రేడియో తెరిచాను.

"జలజ. లంగరు మీద ఉన్నాను. గ్యాస్ భద్రం. కాపరి క్షేమం."

ఇది ఓడ చెప్పే మాట. అంత పెద్ద ఓడలో మనిషి ఒక్కడే ఉంటాడు. అతనే కాపరి. మిగతా పనంతా ఓడే చేసుకుంటుంది. మూడేళ్ళుగా కాపరి మాటలు వినివిని అతని గొంతుతోనే మాట్లాడుతుంది. ఒడ్డున వినేవాళ్ళకు నమ్మకంగా ఉంటుందని అలా తయారుచేశారు. ఓడ మాట అయ్యాక కాపరి స్వయంగా వచ్చి ఒక మాట చెప్పాలి. అది నియమం.

జలజ కాపరి సూరాడ కామేశు. మా పక్క పేటవాడే. యాభై దాటాయి.

"సుబాసినమ్మా, పన్ను పీకేత్తన్నాదమ్మా," అన్నాడు. "కింద దవడ. రేతిరి కన్ను మూయనేదు."

వరండాలో బల్ల మీద అతని భార్య దానమ్మ కూర్చుని ఉంది. రోజూ ఈ వేళకు వస్తుంది. కుటుంబంవాళ్ళు వినవచ్చు, మైకు ముట్టుకోకూడదు.

"లవంగం నమలమనమ్మా," అంది.

చెప్పాను.

"లవంగాలయిపోనాయి."

"ఉప్పునీల్లు పుక్కిలించమను."

"ఉప్పునీల్లకేటి," అన్నాడు కామేశు, "సుట్టూ అయ్యే గదా."

దానమ్మ నవ్వింది. నేను మూడో గడిలో 'కాపరి క్షేమం' అని రాశాను.

34వ రోజు

కామేశు దవడ వాచింది. మాట ముద్దగా వస్తోంది. నోటినిండా అన్నం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. జ్వరం కూడా ఉందన్నాడు. ఓడలో ఉన్న మందుల పెట్టె ఒక్క నెలకు సరిపడేది. జలజ బయల్దేరి మూడు నెలలు దాటింది.

ఆ రెండు దేశాలు ఇరుకు దగ్గర తిప్పుతున్న గస్తీ ఓడల్లో ఒకదాన్ని పిలిచి, ఒక్క డాక్టరును పంపమని అడిగాను. ఆ ఓడ కూడా యంత్రంతోనే జవాబిస్తుంది. మనం ఏ భాషలో అడిగితే ఆ భాషలో, పుస్తకం చదువుతున్నట్టు.

"మీ అభ్యర్థన స్వీకరించబడినది. వరుస ప్రకారము పరిశీలించబడును."

వరుసలో మా సంఖ్య నాలుగు వందల పన్నెండు.

36వ రోజు

ఇవాళ కామేశు మాట సగం అర్థం కాలేదు. రెండుసార్లు అడిగితేగానీ తెలియలేదు. ఇరుకు తెరుస్తున్నారట. రేపు పొద్దున్న జలజ వంతట. దానమ్మ లేచి నిలబడింది.

"ఊల్లో నీల్లున్నాయా అమ్మా?" అని అడిగాడు.

"మనిషికి రెండు బిందెలు ఇస్తున్నారు, కామేశు గారూ. ఇంకో నెల లాగుతాం."

"నెలా," అన్నాడు. తరవాత చాలాసేపు ఊపిరి వినపడింది. "సరే. వచ్చెత్తాను."

37వ రోజు

ఓడ కదిలింది. ఇరుకు దాటింది.

రేడియోలో కామేశు గొంతు కడిగినట్టుంది. "దాటేసినాను సుబాసినమ్మా. గాలి బాగున్నాది. ఇంకేటి, వచ్చెత్తన్నాను."

వార్త చెప్పడానికి పట్నాయక్ గారి గదికి పరుగెత్తాను. సదాశివ పట్నాయక్ గారు మా సూపరింటెండెంటు. వచ్చే ఏడు రిటైరవుతారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అరగంటలో ఊరంతా తెలిసింది. ఎవరో టపాకాయలు కూడా కాల్చారు.

వరండాలోకి వస్తే దానమ్మ బల్ల మీదే ఉంది. మొహంలో సంతోషం లేదు.

"ఏమైంది దానమ్మక్కా?"

"పన్ను తగ్గిపోనాదంటమ్మా?"

"తగ్గినట్టే ఉంది. మాట ఎంత స్పష్టంగా ఉందో విన్నావుగా."

"అదేనమ్మా. మా మావకి కాల్లో ముల్లు దిగితే మూడు దినాలు దాని కతే సెప్తాడు. ఎలగ గుచ్చుకున్నాదో, ఎలగ తీసినాడో, ఎంత నెత్తురొచ్చినాదో. ఇంత నొప్పి తగ్గితే ఒక్క ముక్కా సెప్పడా?"

ఆమె బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

38వ రోజు

రాత్రంతా ఆమె మాటే చెవిలో ఉంది. పొద్దున్న రేడియో తెరవగానే ముందు పన్ను సంగతి అడిగాను.

"బాగున్నాదమ్మా."

"కామేశు గారూ, ఒక పని చెయ్యండి. మీ అన్నం పళ్ళెం తీసుకుని మైకు దగ్గర గరిటెతో కొట్టండి. ఊరికే, నాకు వినపడాలి."

"అలగేనమ్మా," అంది గొంతు.

నేను చెవికి అదిమిపెట్టుకుని విన్నాను. సముద్రం మీద గాలి, ఇంజను రొద. ఒక నిమిషం గడిచింది. పళ్ళెం చప్పుడు రాలేదు.

"కొట్టారా?"

"కొట్టినానమ్మా."

రేడియో కట్టేసి కూర్చున్నాను. దానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె అంతా విన్నది. ఏడవలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

పట్నాయక్ గారిని పిలిచాను. ఆయన విని, తలుపు వేసి, ఆఫీసు పుస్తకం తెరిచారు. నేను మూడో గడి ఇంకా నింపలేదు.

"సుభాషిణీ, 'కాపరి లేడు' అని రాశావనుకో, ఆ ముక్క మధ్యాహ్నానికల్లా గస్తీ ఓడలన్నిటికీ చేరుతుంది. యుద్ధం రూలు నీకు తెలుసు కదా. మనిషి ఉన్న ఓడ జోలికి ఎవరూ పోరు. మనిషి లేని ఓడ దిక్కులేని సరుకు. ముందు ఎవడు తాడేస్తే వాడిది. దారి పొడుగునా గస్తీ ఓడలున్నాయి."

"క్షేమం అని రాస్తే?"

"నెలలోపే మన గ్యాస్ వస్తుంది." ఆయన దానమ్మ వైపు చూడలేకపోయారు. "కానీ గస్తీవాళ్ళు మన మాటలు వింటూనే ఉంటారు. రోజూ రెండు పొడి ముక్కలు మాట్లాడితే నాలుగు రోజుల్లో పసిగట్టేస్తారు."

"నాను మాటాడతాను," అంది దానమ్మ.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"మొగుడూ పెల్లాం మాటాడుకుంటంటే ఎవుడికి అనుమానమొస్తాది? ఊరు ఊరంతా దానికోసం ఎదురుసూస్తన్నాది. రానీండి. ఓడొచ్చీదాకా నాకు మొగుడున్నాడు. రాసీయమ్మా, బాగున్నాడని."

రాశాను.

39వ రోజు

దానమ్మ మైకు ముందు కూర్చుంది. మైకును రెండు చేతులా పట్టుకుంది. ఆ గొంతు, "ఎవులూ?" అంది.

"నానే మావా."

"దానమ్మా! నువ్వేటే, మైకు దగ్గిరికొచ్చీసినావు? తిట్టరేటి?"

"తిట్టర్లే. అన్నం తిన్నావా?"

"తిన్నాను. నువ్వు తిన్నావేటి?"

పది నిమిషాలు గేదె గురించీ, పక్కింటివాళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. బ్యాటరీ అయిపోయి రేడియో ఆగిపోయింది. ఆమె మైకును అలాగే పట్టుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సివచ్చింది.

45వ రోజు

రోజుకు ఒక బిందె. ఫ్యాక్టరీ రెండు గంటలే నడుస్తోంది. నా చీరలు ఉప్పునీళ్ళలో ఉతుక్కుంటున్నాను. ఆరాక అట్టల్లా నిలబడుతున్నాయి. సరుగుడు తోటలు పొయ్యిల్లోకి పోయాయి. తోటలున్నంతకాలం ఇంట్లోకి సముద్రం హోరు ఇంతగా వినపడేది కాదు.

దానమ్మ రోజూ వస్తోంది. పేటలో ఎవరికీ చెప్పలేదు. బొట్టు పెట్టుకుని, తల దువ్వుకుని వస్తుంది. నిన్న వెళ్ళేముందు అంది: "బయం ఏటంటే అమ్మా, మాటాడినంతసేపూ నాకు గురుతుండట్లేదు."

నాకూ అంతే. ఇవాళ ఓడ మాట అయ్యాక ఆ గొంతు నన్ను, "అమ్మా, సిక్కిపోనట్టున్నావు, గొంతు నీరసంగా ఉన్నాది," అంది. నాకు దుఃఖం ఆగలేదు. నెలరోజులుగా ఆ మాట ఇంకెవరూ అడగలేదు.

52వ రోజు

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

ఎనిమిదింటికి మామూలుగానే మొదలైంది. దానమ్మ అప్పుడే మైకు అందుకుంది. మధ్యలో గస్తీ ఓడ దూరింది.

"జలజ ఓడ నిలుపబడినది. కాపరి జీవించి ఉన్నట్లు నిర్ధారణ కావలెను. కాపరి మాట్లాడవలెను. ఆ స్త్రీ ఎవరు?"

"కాపరి భార్య," అన్నాను.

"సంభాషణ కొనసాగించబడవలెను. మేము వినుచున్నాము."

పట్నాయక్ గారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. దానమ్మ ఒకసారి కళ్ళు మూసి తెరిచింది.

"మావా, ఒక మాట సెప్పాల. తిట్టకు."

"ఏటి?"

"జీడిసెట్టు కొట్టీసినాను."

జవాబు వచ్చేలోగా నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కానో.

"ఏ సెట్టు?"

"నూతికాడది. పొయ్యిలోకి పుల్ల నేదు. ఏటి సెయ్యమంటావు?"

"నూతికాడదా! ఎవుర్నడిగి కొట్టినావే? మా అమ్మ నాటిన సెట్టది. పన్నెండేల్లు నీల్లు మోసి పెంచినాను. నీ అబ్బ సొమ్మనుకున్నావేటి?"

"మా అబ్బ జోలికి రాకు! ఆ సెట్టుకు నీల్లు మోసింది నానూ. నువ్వు ఓడెక్కి ఊరేగతంటే బిందెలు మోసిందెవులు?"

"నానొచ్చీదాకా ఆగలేకపోనావా?"

"ఎప్పుడొస్తావని ఆగీది? ఆ? ఎప్పుడొస్తావు నువ్వు?"

ఆమె అరుస్తోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, గొంతులో మాత్రం కోపమే ఉంది. అవతలి గొంతు కూడా అరిచింది. ఇద్దరి మాటలూ ఒకదాని మీదొకటి పడ్డాయి. ఇక ఏ మాట ఎవరిదో కూడా తెలియలేదు.

"చాలును," అంది గస్తీ ఓడ. "కాపరి జీవించి ఉన్నాడు. జలజ వెళ్ళవచ్చును."

రేడియో కట్టేశాను. దానమ్మ చేతులు చూస్తే రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి.

"నిజంగానే కొట్టావా?"

"నిన్న కొట్టినానమ్మా. ఎప్పుడో ఒకనాడు అడ్డుకుంటారని తెల్సు. నాకు అబద్దమాడితే గొంతు పట్టేస్తాది." కొంగుతో కళ్ళు తుడుచుకుని, "తిట్టినాడమ్మా. అచ్చం ఆ తిట్టే. పెల్లయిన కాణ్ణించీ అదే తిట్టు," అంది.

63వ రోజు

జలజ వచ్చింది.

ఒడ్డు మీద ఊరంతా ఉంది. డప్పులు, పిల్లల కేకలు. ఓడ గ్యాస్ వంతెన దగ్గరికి వచ్చి నిలబడగానే పైనున్న లౌడుస్పీకర్లు పలికాయి. "కొత్తరేవూ! జలజ వచ్చినాది. గ్యాస్ భద్రం. కాపరి క్షేమం."

జనం ఒక్కసారిగా, "కామేశూ!" అని అరిచారు. ఎవరో దానమ్మ మెడలో బంతిపూల దండ వేశారు. ఆడవాళ్ళు ఆమె బుగ్గలు పుణికి, "అదృష్టమంటే నీదేనే!" అంటున్నారు. ఆమె దండ తీయకుండా నిలబడింది. గ్యాస్ దించేదాకా కాపరి ఓడ దిగకూడదన్నది నియమం కాబట్టి అతను కనపడలేదని ఎవరికీ అనుమానం రాలేదు. గ్యాస్ గొట్టం బిగించి, మొదటి వాల్వు తిప్పే దాకా ఎవరికీ చెప్పకూడదని ముందే అనుకున్నాం. అది తిప్పేసరికి మధ్యాహ్నం రెండయింది. అయిదు గంటలపాటు ఆ దండతో నవ్వు మొహం పెట్టుకుని నిలబడింది.

64వ రోజు

నిన్న సాయంత్రం పట్నాయక్ గారూ నేనూ ఓడెక్కాం. దానమ్మను ఒడ్డునే ఉండమన్నాం.

కాపరి గది చల్లగా, మంచుగడ్డలా ఉంది. ఓడే అలా చల్లబరిచింది. కామేశు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దవడ చుట్టూ తువ్వాలు కట్టుకున్నాడు. యుద్ధంలో ఒక్క తుపాకీ గుండు కూడా ఆ ఓడకు తగల్లేదు. పుచ్చిన పన్ను చంపింది. రెండు వేల మైళ్ళ అవతల ఎవరో ఇరుకు మూసి ఉంచకపోతే అతను ఈ పాటికి పన్ను పీకించుకుని నాలుగు వారాలై ఉండేది.

మంచం పక్కన గోడకు చిన్న కిటికీ ఉంది. వంటగది రోజుకు రెండు పూటలా అందులోంచే పళ్ళెం పంపుతుంది. యాభైకి పైగా పళ్ళేలు నేల మీద దొంతరగా, ముట్టుకోకుండా, గడ్డకట్టి ఉన్నాయి. మేం చూస్తూండగానే కిటికీ తెరుచుకుంది. మరో పళ్ళెం వచ్చింది. గోడలోంచి కామేశు గొంతు వినపడింది.

"లెగు కామేశూ. సల్లారిపోతాది."

పట్నాయక్ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఓడకు ఇచ్చిన ఆజ్ఞలన్నీ ఓడే దాచుకుంటుంది. చివరిది ముప్పై ఆరో రోజు సాయంత్రానిది. వినిపించమంటే వినిపించింది. వాచిన నోటితో, ముద్దముద్దగా, అసలు కామేశు.

"రేపు నాను పలక్కపోతే నువ్వు పలుకు. ఎవులడిగినా బాగున్నానను. రేవు సేరీదాకా ఆపకు. ఆలకి నీల్లు నేవు."

ఇవాళ పొద్దున్న ఒడ్డునే దహనం చేశారు. డప్పులవాళ్ళు నిన్నటివాళ్ళే. దానమ్మ అప్పుడు ఏడ్చింది. గాలికి ఆ ఏడుపు మా రేడియో గది దాకా వినపడింది.

నేటి నుంచి మనిషికి ఆరు బిందెలు.

68వ రోజు

పై ఆఫీసు నుంచి విచారణకు ఇద్దరు వచ్చారు. ఇరవై ఆరు రోజులు తప్పు రాశానని ఒప్పుకున్నాను. "రాయమన్నది నేను," అన్నారు పట్నాయక్ గారు. వాళ్ళు మంచినీళ్ళు అడిగి తాగారు. మా గ్లాసులు నిండుగా ఉన్నాయి. కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఓడ వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోయి ఉంటే నన్ను ఏం చేసేవారో ఊహించగలను.

71వ రోజు

ఓడల కంపెనీ మనిషి దానమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె నన్ను తోడు రమ్మంది.

జలజ మళ్ళీ బయల్దేరాలి. కొత్త కాపరిగా భావనపాడు అమ్మాయి రత్నాలు వెళ్తోంది. ఓడకు కొత్త గొంతు నేర్పాలంటే ఆరు నెలలు పడుతుంది. ఇప్పుడున్న గొంతును గస్తీ ఓడలు గుర్తుపట్టి వదిలేస్తున్నాయి. అది అలాగే ఉంటే రత్నాలుకు మంచిది. మీరు ఒప్పుకోవాలి, అన్నాడు. వద్దంటే ఇవాళే చెరిపేస్తామన్నాడు.

దానమ్మ నూతి వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ చెట్టు మోడు ఉంది.

"ఉంచండి," అంది. "ఆ పిల్లకీ ఒక అమ్మ ఉంటాది గదా."

అతను వెళ్ళాక ట్రంకు పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఎక్కడికని అడిగాను.

"మా సెల్లెలి ఊరు. కొండ దగ్గిర. ఇక్కడుంటే ఎనిమిదింటికి నా కాల్లు మీ వరండాలోకే వచ్చెత్తాయి. వచ్చినానంటే మాటాడతాను. మాటాడినానంటే ఇంక ఆడు సచ్చిపోనట్టే కాదు." ఊరి పేరు నా చెవిలో చెప్పింది. "ఎవులడిగినా సెప్పకమ్మా. ఒట్టెయ్యి."

ఒట్టేశాను.

80వ రోజు

జలజ బయల్దేరి ఆరు రోజులైంది. యుద్ధం ఆగలేదు. ఇరుకు మళ్ళీ మూస్తారంటున్నారు.

ఎనిమిదింటికి రేడియో తెరిచాను. "జలజ. గ్యాస్ కోసం వెళ్తున్నాను. కాపరి క్షేమం." తరవాత రత్నాలు వచ్చి గాలీ అలలూ సంగతి చెప్పింది. గొంతు నిక్షేపంగా ఉంది. పొద్దున్నే ఉప్మా తిన్నానంది. మూడో గడి నింపాను. నిజమే రాశాను.

ముగించబోతుండగా ఆ గొంతు మళ్ళీ పలికింది.

"సుబాసినమ్మా, దానమ్మ రానేదేటి?"

పట్నాయక్ గారు గుమ్మంలోంచి, "జవాబు చెప్పకు, అది యంత్రం," అన్నారు.

"ఆరు దినాలయినాది," అంది గొంతు. "కోపమేటి?"

"కోపం లేదు, కామేశు గారూ," అన్నాను. "ఊరెళ్ళింది."

కాసేపు గాలి, ఇంజను రొద.

"ఏ ఊరమ్మా?"

నేను చెప్పలేదు.